పచ్చళ్ల వ్యాపారానికి ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ మేలా, ఎల్‌ఎల్‌పీ మేలా?

ప్రశ్న (తెనాలి నుంచి)

నమస్కారం. ఏడేళ్లుగా నా సొంత పేరు మీదనే ఆవకాయ, గోంగూర, కారప్పొడులు తయారుచేసి అమ్ముతున్నాను. ఏడాది అమ్మకాలు 34 లక్షలకు చేరాయి. మొన్న వేసవిలో హైదరాబాదులోని ఒక దుకాణానికి పంపిన మాగాయ సీసాల్లో కొన్నిటికి మూతలు ఉబ్బి, నూనె కారి, పక్కనున్న సరుకు కూడా పాడైందని వారు నష్టపరిహారం కోరుతూ నోటీసు పంపారు. మేము ఉంటున్న ఇల్లు కూడా నా పేరు మీదే ఉందన్న సంగతి అప్పుడు గుర్తుకొచ్చి రాత్రంతా నిద్ర పట్టలేదు. మా మరిది 2 లక్షలు పెట్టి వ్యాపారంలో చేరతానంటున్నాడు; నేను పెట్టేది 6 లక్షలు. కంపెనీ పెట్టడం మంచిదా, ఎల్‌ఎల్‌పీ (పరిమిత బాధ్యత గల భాగస్వామ్య సంస్థ) మంచిదా? దయచేసి వివరంగా చెప్పగలరు.

మొదటి సమాధానం

అమ్మా, ముందుగా ఒక మాట స్పష్టంగా చెప్పాలి. ఇప్పుడు మీరు ఏ సంస్థను నమోదు చేసినా, ఇప్పటికే వచ్చిన ఆ నోటీసు బాధ్యత మీ మీదే ఉంటుంది, ఎందుకంటే సరుకు అమ్మింది మీరు వ్యక్తిగతంగా. దానిని వేరుగా పరిష్కరించుకోండి. ఇకపై సంస్థ పేరుతో చేసే అమ్మకాలకు, సంస్థ పడే బాకీలకు మాత్రమే పరిమిత బాధ్యత, అంటే మీ సొంత ఆస్తి జోలికి రాకుండా ఉండే రక్షణ, వర్తిస్తుంది. అయితే బ్యాంకు అప్పుకు మీరు వ్యక్తిగత హామీ సంతకం పెడితే ఆ మేరకు ఆ రక్షణ పోయినట్లే. ఆహార భద్రత చట్టం కింద తయారీకి బాధ్యులైన వ్యక్తి మీద కూడా చర్య తీసుకోవచ్చు.

మీ స్థాయికి 2008 నాటి చట్టం కింద ఏర్పడే ఎల్‌ఎల్‌పీ సరిపోతుందని నా అభిప్రాయం. ఏడాది అమ్మకాలు 40 లక్షలు గాని, భాగస్వాముల పెట్టుబడి 25 లక్షలు గాని దాటనంత వరకు ఆ చట్టం కింద ఆడిట్ (లెక్కల తనిఖీ) తప్పనిసరి కాదు. కంపెనీకైతే అమ్మకాలు ఎంత తక్కువైనా ఆడిట్ చేయించాల్సిందే. కాకపోతే ఎల్‌ఎల్‌పీ లాభం మీద 30 శాతం పన్ను ఉంటుంది, అమ్మకాల్లో ఇంత శాతం లాభమని లెక్కగట్టి, ఆ అంచనా లాభం మీద పన్ను కట్టేందుకు సొంత వ్యాపారానికి ఉన్న వెసులుబాటు దానికి వర్తించదు. కనుక లెక్కలు సరిగ్గా రాయక తప్పదు.

రెండో సమాధానం

నేను ప్రైవేట్ లిమిటెడ్ పెట్టి, రెండేళ్లు వ్యాపారం మందగించడంతో వార్షిక పత్రాలు దాఖలు చేయడం వదిలేశాను. ఆర్థిక నివేదికల ఫారం, వార్షిక రిటర్ను ఫారం, ఒక్కోదానికి రోజుకు 100 రూపాయల చొప్పున ఆలస్య రుసుము పడుతుంది, దానికి గరిష్ఠ పరిమితి లేదు. ఒక ఏడాది పత్రాలు ఏడాదిపాటు ఆలస్యమైతే రెండిటికీ కలిపి 73,000. వరుసగా మూడేళ్లు దాఖలు చేయకపోతే డైరెక్టరుగా అనర్హత కూడా వస్తుంది. బయటి పెట్టుబడిదారులు వస్తారని గట్టి నమ్మకం ఉంటే తప్ప ఈ భారం ఎత్తుకోకండి.

మూడో సమాధానం

మరిదితో కలుస్తున్నారు కాబట్టి ఒప్పంద పత్రం విషయంలో మొహమాటపడకండి. ఎల్‌ఎల్‌పీ ఒప్పందం రాసుకోకపోతే, మీరు 6 లక్షలు పెట్టినా అతను 2 లక్షలే పెట్టినా, చట్టం ప్రకారం పెట్టుబడి, లాభనష్టాలు సమానంగా పంచుకోవాలి; రోజంతా వంటింట్లో నిలబడి పనిచేసే వారికి జీతం కూడా రాదు. వాటా, జీతం, ఒకరు తప్పుకుంటే లెక్క తేల్చే పద్ధతి అన్నీ రాసి, నమోదైన 30 రోజుల్లోగా ఆ ఒప్పందాన్ని దాఖలు చేయాలి.

ఇంకొకటి: కొత్త సంస్థకు పాన్ వేరు కనుక జీఎస్‌టీ నంబరు, ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (కేంద్ర ఆహార భద్రత సంస్థ) అనుమతి రెండూ కొత్తగా తీసుకోవాలి. కాబట్టి పాత నంబరుతో లేబుళ్లు ఎక్కువగా అచ్చు వేయించకండి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. లేబుళ్ల చుట్టలు అయిదు ఇంకా విప్పకుండానే ఉన్నాయి. ముద్రణకు ఇచ్చిన కొత్త ఆర్డరును ఈ రోజే ఆపించాను. ఎల్‌ఎల్‌పీకే వెళ్తాం. ఆదివారం మరిదిని కూర్చోబెట్టి వాటాల సంగతి కాగితం మీద పెడతాను. ఆ దుకాణం నోటీసుకు జవాబు మాత్రం నా పేరుతోనే, వకీలు ద్వారా ఈ వారంలో పంపిస్తాను.