రేవు గట్టున పాత గోదాము: ఉంచాలా, కూల్చాలా?

తీరవాసి:
రేవు గట్టున వందేళ్లు దాటిన సరుకుల గోదాము ఒకటి ఉందనుకుందాం. పేరున్న వాస్తుశిల్పి కట్టినది కాదు. చరిత్రకెక్కిన సంఘటన ఏదీ అందులో జరగలేదు. చూడటానికి అందంగానూ ఉండదు. ఓడలు అటు రావడం మానేశాయి, స్థలం ధర మాత్రం బాగా పెరిగింది. దాన్ని వారసత్వ జాబితాలో చేర్చాలా? కారణాలతో సహా చెప్పండి.

కొలబద్ద:
వద్దంటాను. పాతదల్లా వారసత్వం కాదు. రేవు అంటేనే ఎప్పటికప్పుడు మారే చోటు. హాంబర్గ్‌లో ఇప్పుడు అందరూ మెచ్చుకునే ష్పైఖర్‌ష్టాట్ గోదాముల కోసం 1880లలో అక్కడ కాపురమున్న దాదాపు 20,000 మందిని ఖాళీ చేయించారు. ఆనాడు ఇళ్లకు లేని రక్షణ ఈనాడు గోదాములకు ఎందుకు? పైగా ఉప్పుగాలికి ఇనుము తుప్పు పడుతుంది, గోడలు చౌడెక్కుతాయి. మరమ్మతు ఖర్చు యజమానిది, మురిసిపోయేది ఊరంతా.

దూలం:
కొలబద్ద గారూ, ఆ ఇళ్ల సంగతి గుర్తుచేసి మంచి పని చేశారు. కానీ దాన్నిబట్టి నాకు తోచేది వేరు. అక్కడ ఇళ్లు పోయి వ్యాపారం వచ్చిందనడానికి ఆ నేల మీద నిలిచిన సాక్ష్యం ఆ గోదాములే. వాటినీ కూల్చేస్తే రెండు చరిత్రలూ పోతాయి.

అసలు గోదామును గుడితోనో కోటతోనో పోల్చినంత కాలం అది ఓడిపోతూనే ఉంటుంది. దాన్ని ఒక పెద్ద పనిముట్టుగా చూడండి. ప్రతి అంతస్తులోనూ నీటివైపు తెరుచుకునే తలుపు ఎందుకుంది? చూరు కింద ముందుకు పొడుచుకొచ్చిన దూలానికి కప్పీ ఎందుకు? కింది అంతస్తు స్తంభాలు అంత లావుగా ఎందుకున్నాయి? ఓడలోంచి లేచిన బస్తా ఏ తలుపులోంచి లోపలికి వెళ్లిందో, ఎటునుంచి బండెక్కిందో ఆ కట్టడమే చెబుతుంది.

లివర్‌పూల్‌లో ఇంజనీరు జెస్సీ హార్ట్లీ చేతి మీదుగా రూపొంది 1846లో ప్రారంభమైన ఆల్బర్ట్ డాక్ గోదాముల్లో బరువు మోసే భాగాల్లో కలప లేదు. పోత ఇనుము, ఇటుక, రాయి, అంతే. నిప్పంటుకుంటే సరుకంతా బూడిదవుతుందన్న వ్యాపారుల భయమే ఆ కట్టుబడిని నిర్ణయించింది. ఓడ గోదాము పక్కకే వచ్చి ఆగేది కాబట్టి సరుకు దారిలో దొంగల పాలయ్యే వీలూ తగ్గింది. ఇవన్నీ కాగితాల్లో చదవడం ఒక ఎత్తు, ఆ స్తంభాల మధ్య నిలబడి గ్రహించడం మరో ఎత్తు.

1956లో ఐడియల్ ఎక్స్ అనే ఓడ 58 కంటైనర్లతో అమెరికా తీరం వెంట ప్రయాణించింది. తర్వాతి దశాబ్దాల్లో బస్తాలూ పీపాలూ మనుషులు మోసే పద్ధతి పెద్ద రేవుల్లో దాదాపు కనుమరుగైంది. లోతైన నీరు, విశాలమైన ఖాళీ నేల వెతుక్కుంటూ ఎన్నో రేవులు ఊరికి దూరంగా జరిగాయి. ఆ రకం గోదాములు ఇక ఎవరూ కట్టరు. మోసినవాళ్ల పేర్లు ఏ శిలాఫలకం మీదా లేవు. వాళ్ల పనికి మిగిలిన గుర్తు ఆ తలుపులూ ఆ కప్పీలే, అందుకే నాకు ఇంత పట్టుదల. ఆస్ట్రేలియాలో 1979లో రూపొందిన బర్రా చార్టర్, అంటే వారసత్వ స్థలాల సంరక్షణకు మార్గదర్శక పత్రం, కూడా అందం ఒక్కటే చూడదు. చారిత్రక, శాస్త్రీయ, సామాజిక విలువలనూ లెక్కలోకి తీసుకోమంటుంది.

చౌడు సంగతి. పాత గోడ సున్నంతో కట్టినది. దానికి సిమెంటు పూస్తే లోపలి తేమ బయటికి పోయే దారి మూసుకుపోయి, ఉప్పు ఇటుకలోనే గడ్డకట్టి పెచ్చులూడదీస్తుంది. సముద్రాన్ని తిట్టేముందు ఆ గోడకు ఇంతకుముందు ఎలాంటి మరమ్మతు జరిగిందో చూడాలి.

గట్టుమీద:
ముందు గోడ మాత్రం ఉంచి, వెనక కొత్త భవనం కట్టుకోనిస్తే ఇద్దరికీ సరిపోదా?

దూలం:
సరిపోదండీ. కొత్త అంతస్తుల ఎత్తు వేరు, పాత తలుపుల ఎత్తు వేరు. ఆ తలుపులు ఎటూ తెరుచుకోవు. యోకొహామాలో 1911, 1913లలో పూర్తయిన ఎర్ర ఇటుక గోదాములు చూడండి. 1923 భూకంపానికి ఒకటి సగం కూలింది. దానిలో మిగిలిన భాగాన్నీ, రెండో గోదామునూ గోడలతో, అంతస్తులతో సహా బాగుచేసి 2002లో దుకాణాలకూ ప్రదర్శనలకూ తెరిచారు. వాడకం మారింది, కట్టడం అర్థమవుతూనే ఉంది. చుట్టుపక్కల కూడా ముఖ్యమే. లివర్‌పూల్ రేవు ప్రాంతం 2004లో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కి 2021లో పోగొట్టుకుంది. ఆల్బర్ట్ డాక్ చెక్కుచెదరలేదు, తీరం వెంట తలపెట్టిన కొత్త నిర్మాణాలే దానికి కారణం.

కొలబద్ద:
కట్టుబడి గురించి చెప్పినవి ఒప్పుకుంటాను. యజమాని నష్టం మాటేమిటి?

దూలం:
దానికి దారి ఉంది. న్యూయార్క్‌లో సౌత్ స్ట్రీట్ సీపోర్ట్ అనే పాత రేవు ప్రాంతంలోని వాణిజ్య భవనాలను నిలిపేటప్పుడు, వాటిపై కట్టుకోకుండా మిగిలిన అంతస్తుల హక్కును దగ్గరి స్థలాలకు బదిలీ చేసుకోనిచ్చారు. యజమానికి డబ్బు వచ్చింది, భవనాలు మిగిలాయి. జాబితాలో చేర్చిన రోజే అలాంటి హక్కుపత్రం యజమాని చేతికి అందాలి. అది ఇవ్వకుండా చేరిస్తే నేనూ మీ పక్షమే.

కొలబద్ద:
ఆ షరతు ముందే రాసి ఉంటే నా అభ్యంతరంలో సగం పోతుంది. పోటు నీరు కింది అంతస్తులోకి వచ్చే చోట ఆ అంతస్తును దేనికి వాడతారో కూడా చెప్పండి, మిగతా సగం అప్పుడు మాట్లాడుకుందాం.