సిలువ లేకుండా క్షమాపణ ఉందా? క్రైస్తవ, ఇస్లాం విశ్వాసాల్లో రక్షణపై చర్చ

ప్రశ్నలసంచి:
వచ్చే వారం మా అధ్యయన బృందంలో ఈ అంశంపై నేను మాట్లాడాలి. రెండు గ్రంథాలూ పక్కపక్కన పెట్టుకుని చదువుతున్నాను. ఆదాము తప్పు చేశాడన్నంత వరకు రెండింటిదీ ఒకే దారి. చీలిక ఆ తర్వాతే. ఖుర్ఆన్ 2:37లో ఆదాము తన ప్రభువు నుంచి కొన్ని మాటలు నేర్చుకున్నాడు, దేవుడు అతని పశ్చాత్తాపాన్ని స్వీకరించాడు. అంతటితో ఆ కథ ముగిసింది. రోమీయులకు రాసిన పత్రిక 5:12లో ఆ ఒక్కడి ద్వారా పాపం, పాపం ద్వారా మరణం లోకమంతటా వ్యాపించాయి. నా సందేహాలు మూడు. దేవుడు నేరుగా క్షమించగలిగితే సిలువ ఎందుకు? తనకు రక్షణ దొరికిందని మనిషి బతికుండగానే తెలుసుకోగలడా? ఊహ తెలియకముందే చనిపోయిన పిల్లల సంగతి ఏమిటి?

తొలివాన:
రెండో ప్రశ్నకు నా దగ్గర జవాబు ఉంది. మా నాన్నగారు జీవితమంతా సంఘ సేవలో గడిపారు. చివరి రోజుల్లో ఒక రాత్రి నా చెయ్యి పట్టుకుని "నేను చాలినంత చేశానా అమ్మా?" అని అడిగారు. నేను ఎఫెసీయులకు రాసిన పత్రిక 2:8, 9 చదివాను. కృప చేతనే, విశ్వాసం ద్వారానే, క్రియల వల్ల కాదు. తర్వాత మొదటి యోహాను 5:13 చదివాను. మీకు నిత్యజీవం ఉందని మీరు తెలుసుకోవాలనే రాస్తున్నాను అంటాడు యోహాను. ఆశించాలని కాదు, తెలుసుకోవాలని. నాన్నగారు ఆ రాత్రి నిద్రపోయారు. మంచి పనులను త్రాసులో తూచే మతంలో ఉండి ఉంటే ఆయనకు ఏం చెప్పగలిగేదాన్ని?

తెల్లవారుజాము:
సోదరీ, మీ నాన్నగారి గురించి చదివి మనసు బరువెక్కింది. కానీ ఆ చివరి వాక్యం నేను ఎన్నిసార్లు వినలేదు! త్రాసు ఉంది, నిజమే. ఖుర్ఆన్ 101వ అధ్యాయంలో అదే ఉంది. అయితే ఏ మనిషీ కేవలం తన ఆచరణ వల్ల స్వర్గంలో ప్రవేశించలేడని దైవప్రవక్తే చెప్పారు. మీరు కూడానా అని అనుచరులు అడిగితే, అల్లాహ్ తన కారుణ్యంతో కప్పితే తప్ప నేను కూడా అంతే అన్నారు. బుఖారీ, ముస్లిం అనే రెండు హదీసు సంకలనాల్లోనూ, అంటే ప్రవక్త మాటల సేకరణల్లోనూ, ఉన్న మాట ఇది. మా అమ్మ చివరి రోజుల్లో నేను ఆమెకు ఖుర్ఆన్ 39:53 వినిపించాను. తమకు తాము అన్యాయం చేసుకున్నవారలారా, దైవకారుణ్యం పట్ల నిరాశ చెందకండి, ఆయన పాపాలన్నిటినీ క్షమిస్తాడు అనే వాక్యం. ఆమె కూడా ప్రశాంతంగానే కన్నుమూసింది. మాకు "తెలుసు" అనే మాట లేదు. భయమూ ఆశా రెండు రెక్కల్లా ఉంటాయి. ఆ రెండింటితో చనిపోవడం దౌర్భాగ్యం కాదు.

ఆవగింజ:
దయచేసి "క్రైస్తవం" అని రాసి ప్రొటెస్టంట్ మాటలు మాత్రమే చెప్పకండి. కతోలికురాలిగా ఇది నాకు ప్రతిచోటా ఎదురయ్యే బాధ. యాకోబు పత్రిక 2:24 కూడా బైబిలే. మనిషి విశ్వాసం మాత్రం చేత కాక క్రియల చేత కూడా నీతిమంతుడవుతాడని అందులో స్పష్టంగా ఉంది. అలాగని మేము రక్షణను కొనుక్కుంటున్నామని అనడమూ తప్పే. నీతిమత్వానికి ముందు వచ్చే విశ్వాసం గానీ క్రియలు గానీ ఆ కృపను సంపాదించి పెట్టవని 1547లో మా కతోలిక సంఘపు ట్రెంట్ మహాసభే ప్రకటించింది.

పాతపుటలు:
ఇరవై ఏళ్లుగా ఈ రెండు మతాల సిద్ధాంతాలను తులనాత్మకంగా బోధిస్తున్నాను కాబట్టి కొన్ని విషయాలు సరిచేయక తప్పదు. ఒకటి, 1999లో లూథరన్ ప్రపంచ సమాఖ్య, కతోలిక సంఘం ఈ అంశంపైనే ఉమ్మడి ప్రకటన మీద సంతకాలు చేశాయి. 2006లో మెథడిస్టులు చేరారు. అంటే ఆవగింజ గారి తగాదా చాలావరకు తీరినదే. రెండు, మనిషి విశ్వాసం వల్ల నీతిమంతుడవుతాడనే రోమీయులకు 3:28లో "మాత్రమే" అనే మాట గ్రీకు మూలంలో లేదు. 1522 నాటి జర్మన్ అనువాదంలో ప్రొటెస్టంట్ సంస్కర్త లూథర్ చేర్చాడు. మూడు, అసలు పోలికే సరిగా కుదరదు. రక్షణ అనే అర్థమున్న "నజాత్" అనే నామవాచకం ఖుర్ఆన్‌లో ఒక్కసారే వస్తుంది, 40:41లో. అక్కడ తరచుగా వినిపించేవి "ఫలాహ్", అంటే సాఫల్యం, అనే మాట ధాతువు నుంచి వచ్చిన రూపాలు. మునిగిపోతున్నవాడికి రక్షణ కావాలి. దారిలో నడుస్తున్నవాడికి సాఫల్యం కావాలి. ఇవి రెండు వేర్వేరు రోగ నిర్ధారణలు.

ఆవగింజ:
తీరిన తగాదా అయితే తొలివాన గారు అలా రాసేవారు కాదు. సంతకాలు వేరు, మనుషుల మనసుల్లో ఉన్నది వేరు.

రాతిగోడ:
మీరందరూ దేవుడికీ మనిషికీ మధ్య లెక్క గురించే మాట్లాడుతున్నారు. నా సంగతి వినండి. మా అన్నయ్య నాన్న ఆస్తిలో నా వాటాను దొంగ సంతకంతో తన పేరున రాయించుకున్నాడు. రెండేళ్ల తర్వాత విశ్వాసంలోకి వచ్చాడు. బాప్తిస్మం రోజున అందరి ముందూ కన్నీళ్లతో సాక్ష్యం చెప్పాడు. తన గతమంతా సిలువ దగ్గర వదిలేశానన్నాడు. సంఘమంతా హల్లెలూయా అంది. నేను వెనుక వరుసలో కూర్చుని ఉన్నాను. తొమ్మిదేళ్లయింది. ఒక్క పైసా తిరిగి రాలేదు. ఆయన పాపాన్ని దేవుడు క్షమించాడే అనుకుందాం, నష్టపోయినవాణ్ని నేను. నన్ను అడగకుండా ఎలా క్షమించాడు?

తొలివాన:
అన్నా, మీకు జరిగింది అన్యాయమే. కానీ మనిషి వంచన చేసినంత మాత్రాన కృప అబద్ధం కాదు. యేసు పక్కన సిలువ మీద ఉన్న దొంగ ఎవరికీ ఏమీ తిరిగి ఇవ్వలేదు. అయినా ఆ రోజే పరదైసులో ఉంటావని ప్రభువు మాట ఇచ్చాడు.

రాతిగోడ:
ఆ దొంగ చేతులకు మేకులు దిగి ఉన్నాయి. మా అన్నయ్య చేతులకు ఏమైంది?

తెల్లవారుజాము:
రాతిగోడ గారూ, సరిగ్గా ఇక్కడే మా వైపు గీత గట్టిగా ఉంటుంది. దేవుడి హక్కులు వేరు, దాసుల హక్కులు, అంటే తోటి మనుషుల హక్కులు వేరు. రెండోవి మనిషి మాఫీ చేయాలి, లేదా తిరిగి ఇచ్చేయాలి. దివాలా తీసినవాడు ఎవరో తెలుసా అని దైవప్రవక్త అడిగారు. డబ్బు లేనివాడు అన్నారు అనుచరులు. కాదు, ప్రళయదినాన నమాజు, ఉపవాసం, జకాత్ దానం అన్నీ మోసుకువచ్చేవాడే, కానీ ఒకరిని తిట్టి, ఒకరి సొమ్ము తిని, ఒకరిని కొట్టి వచ్చినవాడు అన్నారు. వాడి పుణ్యాలు బాధితులకు పంచుతారు. అవి అయిపోతే వాళ్ల పాపాలు తెచ్చి వాడి మీద వేస్తారు. సహీహ్ ముస్లింలో ఉంది. అమరుడికి సైతం అప్పు తప్ప మిగతావన్నీ క్షమిస్తారని కూడా అందులోనే ఉంది.

పాతపుటలు:
ఒక్క నిమిషం. ఏ మనిషీ మరొకరి భారం మోయడని ఖుర్ఆన్ 6:164. ప్రాయశ్చిత్తాన్ని మీరు నిరాకరించేది ఆ వాక్యం ఆధారంగానే. మరి బాధితుడి పాపాలు దోషి మీద ఎలా వేస్తారు? అది బదిలీ కాదా?

తెల్లవారుజాము:
ఇరవై ఏళ్లు బోధించినవారు అడగవలసిన ప్రశ్న కాదు ఇది. దోషి మోసేది తన దౌర్జన్యపు బాకీనే. పుణ్యంతో తీర్చలేకపోయాడు కాబట్టి అలా తీరుస్తున్నాడు. ఏ తప్పూ చేయనివాడి మీద వేస్తే అది బదిలీ. సిలువ విషయంలో మా అభ్యంతరం అదే.

తొలివాన:
"వేయడం" అనకండి. ఆయన ఇష్టపూర్వకంగా మోశాడు. తన ప్రాణాన్ని ఎవరూ తీసుకోరు, తానే పెడుతున్నానన్నాడు. అప్పిచ్చినవాడే స్వయంగా వచ్చి అప్పు మోస్తే అది అన్యాయం ఎలా అవుతుంది?

రాతిగోడ:
నాకు అప్పు ఉన్నది మా అన్నయ్య. అప్పిచ్చినవాణ్ని నేను. నేనేమీ మోస్తానని అనలేదు.

ఆవగింజ:
రాతిగోడ గారికి సంఘం కూడా అదే చెప్పి ఉండాల్సింది. మాకు పాపసంకీర్తనం, అంటే గురువు ముందు పాపాలు ఒప్పుకోవడం ఉంది. గురువు పాపవిమోచనం ఇస్తారు. కానీ దొంగిలించినది తిరిగి ఇవ్వాలి, పరువు తీస్తే నిలబెట్టాలి. క్షమాపణ పాపాన్ని తొలగిస్తుందే తప్ప దానివల్ల జరిగిన నష్టాన్ని సరిచేయదు. ప్రొటెస్టంట్లు పాపసంకీర్తనాన్ని తీసేసినప్పుడు దీన్ని కూడా పారేశారేమో అనిపిస్తుంది.

తొలివాన:
పారేయలేదు! మత్తయి 5:23 మాకూ ఉంది. సహోదరుడికి నీ మీద ఫిర్యాదు ఉంటే అర్పణను బలిపీఠం ముందు వదిలి ముందు వెళ్లి సమాధానపడు. పన్నులు వసూలు చేసే జక్కయ్య కూడా ఉన్నాడు. అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు ఇస్తానన్నాడు. ఆ చేతలు రక్షణకు ఫలం, వెల కాదు. ప్రభువు ముందే అతని ఇంటికి వెళ్లాడు.

పాతపుటలు:
లూకా 19 వరుసగా చదవండి. ఇంటికి వెళ్లడం ముందే జరిగింది, ఒప్పుకుంటాను. కానీ "నేడు ఈ ఇంటికి రక్షణ వచ్చింది" అన్న మాట నాలుగింతల మాట తర్వాతే.

తొలివాన:
పిలుపు ముందు వచ్చిందని మీరే ఒప్పుకున్నారు. నాకు అది చాలు.

ప్రశ్నలసంచి:
నా మూడో ప్రశ్నను ఎవరూ ముట్టుకోలేదు. నాకు అదే అన్నిటికన్నా ముఖ్యం. కారణం ఇక్కడ రాయలేను.

తెల్లవారుజాము:
క్షమించండి. ప్రతి శిశువూ స్వచ్ఛమైన సహజ స్వభావంతోనే పుడుతుందని హదీసు. జన్మపాపం మాకు లేదు. ముస్లింల పిల్లలు స్వర్గవాసులేనన్నది పండితులలో అత్యధికుల మాట. తల్లిదండ్రుల కోసం అక్కడ ఎదురుచూస్తారు.

ఆవగింజ:
మాలో తొలి శతాబ్దాల వేదాంతి అగస్టీన్ కాలం నుంచి ఇది బరువైన ప్రశ్నే. బాప్తిస్మం లేకుండా చనిపోయిన శిశువుల విషయంలో రక్షణ ఉందని ఆశించడానికి బలమైన కారణాలున్నాయని 2007లో వాటికన్ వేదాంత సంఘం ప్రచురించింది. మీ కోసం ఈ రాత్రి ప్రార్థిస్తాను.

తొలివాన:
దావీదు తన బిడ్డ పోయినప్పుడు అన్న మాట చదవండి. వాడు నా దగ్గరికి రాడు, నేనే వాడి దగ్గరికి వెళ్తాను. రెండో సమూయేలు 12:23.

ప్రశ్నలసంచి:
ముగ్గురికీ కృతజ్ఞతలు.

రాతిగోడ:
తెల్లవారుజాము గారూ, ఒక్క మాట. నష్టపోయినవాడు మాఫీ చేయవచ్చని అన్నారు. తిరిగి ఇవ్వకపోయినా చేయవచ్చా?

తెల్లవారుజాము:
చేయవచ్చు. క్షమించి సర్దుబాటు చేసుకున్నవాడి ప్రతిఫలం అల్లాహ్ దగ్గర ఉందని 42:40. కానీ అంతకు ముందు వాక్యం అన్యాయానికి ఎదురు నిలిచినవారిని మెచ్చుకుంటుంది. రెండూ మీ హక్కే. మీ మీద బలవంతం లేదు.

రాతిగోడ:
తొలివాన గారు చెప్పిన మత్తయి వాక్యాన్ని అన్నయ్యకు ఫోనులో పంపాను. చదివినట్టు గుర్తు వచ్చింది. జవాబు ఇంకా రాలేదు. మాఫీ చేయగలనో లేదో నాకు తెలియదు. ఇంతవరకు ఆయన అడగనైనా అడగలేదు కదా.