మూడు సెంటీమీటర్లు తక్కువైతే రైడ్ ఎక్కనివ్వరా? తప్పు గొడవపడ్డ మా బావమరిదిదా, పార్కుదా?

బరంపురం బాబాయ్:
వేసవి సెలవుల్లో మేమూ, మా బావమరిది వాళ్ళూ కలిసి ఒక పార్కుకి వెళ్ళాం. ఒడిశాలో కాదు, పేరు అనవసరం. మా మేనల్లుడికి పదకొండేళ్ళు. పొద్దున్న ఒక రైడ్ దగ్గర బూట్లతోనే కొలిచారు, 140 గీత తగిలాడు, ఎక్కించారు. మధ్యాహ్నం ఎండలో ముప్పావుగంట లైన్లో నిలబడి రోలర్ కోస్టర్ దాకా వెళ్తే అక్కడ బూట్లు విప్పమన్నారు. 137. పక్కకి జరగమన్నారు. వాడు ఏడుపు లంకించుకున్నాడు. మా బావమరిది "టికెట్ డబ్బులు తీసుకున్నప్పుడు లేని కొలతలు ఇప్పుడెందుకు?" అని ఆపరేటర్ మీద నోరు పారేసుకున్నాడు. వెనక లైన్లో వాళ్ళంతా మమ్మల్ని దొంగల్ని చూసినట్టు చూశారు. అరవడం బాగోలేదు, ఒప్పుకుంటాను. కానీ ఒకే పార్కులో రెండు రకాల కొలత పెట్టినవాళ్ళని ఎవరూ ఏమీ అనరేం?

పర్లాకిమిడి పిల్ల:
బాబాయ్, కొలత తేడా ఉంటే మేనేజరుని అడగాలి. గేటు దగ్గర ఎర్రటి ఎండలో నిలబడ్డ కుర్రాడి మీద అరిస్తే ఏమొస్తుంది? రూలు వాడు పెట్టాడా? నేను కళ్ళారా చూసింది చెప్తాను. ఒకాయన కూతుర్ని కొలత కర్రకి ఆనించి, తను పక్కనే నిలబడి, ఆ పిల్ల మడమల కింద తన కాలి వేళ్ళు దూర్చాడు. పిల్ల ఒక్క అంగుళం లేచింది. ఆపరేటర్ ఏమీ మాట్లాడకుండా వంగి ఆ పాప కాళ్ళ వైపు చూశాడంతే. ఆయనకి కోపం నషాళానికి అంటింది! "నా పిల్ల, నా ఇష్టం, కావాలంటే రాసిస్తా" అన్నాడు. ఏం రాసిస్తాడు? పిల్ల పడిపోతే ఆ కాగితం పట్టుకుంటుందా?

ఇంకోటి. బస్సు కిటికీలోంచి తువ్వాలు వేసి సీటు ఆపుకునే అలవాటు పార్కుల్లోకీ తెచ్చేశాం. ఒక్కడు లైన్లో నిలబడతాడు. వాడి వంతు వచ్చేసరికి సమోసాలు తింటూ పదిమంది దిగుతారు. అడిగితే "మేమంతా ఒకటేనండీ" అంటారు. మీ మేనల్లుడు ముప్పావుగంట నిలబడ్డాడంటే అందులో సగం ఇలాంటి వాళ్ళ పుణ్యమే అయ్యుంటుంది.

గుణుపురం గుంటడు:
ఏటండీ ఈ కొలతల గోల! మన ఠాకురాణి అమ్మవారి జాతరలో మీనా బజార్‌కి వెళ్ళని వాళ్ళు బరంపురంలో ఉన్నారా? జెయింట్ వీల్‌లో అడ్డంగా ఒక ఇనప రాడ్డు, దానికో కొక్కెం. కొలంబస్ అనే ఊగే పడవలో ఆఖరి వరసలో మా అమ్మ ఒళ్ళో కూర్చుని ఊగేవాణ్ణి. ఎవడు కొలిచాడు? బతికే ఉన్నాం కదా. ఏసీ వేసి, బోర్డు పెట్టి, వేలల్లో టికెట్ గుంజి, ఆఖర్న "నువ్వు పొట్టి" అంటే ఎవరికైనా మండుతుంది.

లివర్ తిప్పినోడు:
నాది గజపతి జిల్లా. కొన్నేళ్ళు హైదరాబాద్‌లో రైడ్ ఆపరేటర్‌గా చేశాను, ఇప్పుడు మానేశాను. తమ్ముడు గుంటడికి ముందు ఒక మాట. బతికున్నవాళ్ళే వచ్చి "మేం బతికే ఉన్నాం" అని రాస్తారు. 2019 జులైలో అహ్మదాబాద్ కాంకరియా చెరువు దగ్గర లోలకంలా ఊగే పెండ్యులం రైడ్ విరిగి పడి ఇద్దరు చనిపోయారు. దానికీ ఎత్తుకీ సంబంధం లేదు, యంత్రమే విరిగింది. నేను చెప్పేదేంటంటే యంత్రానికి చెయ్యాల్సిన పరీక్ష ఒకటి, మనిషికి చెయ్యాల్సింది ఇంకొకటి. జాతరలో తరచూ రెండూ సరిగ్గా జరగవు.

ఎత్తు ఎందుకు చూస్తామో చాలామందికి తెలీదు. మాకు కావాల్సింది తల కాదు, తొడ ఎముకా, తుంటీ. ఒళ్ళోకి దిగే బార్ తొడల మీద, పొత్తికడుపుకి కింద బిగుసుకోవాలి. కోస్టర్ గుట్ట ఎక్కి దిగేటప్పుడు ఒళ్ళు సీట్లోంచి పైకి లేస్తుంది. కడుపులో ఖాళీ అయినట్టు అనిపిస్తుందే, అదే. ఆ క్షణంలో మనిషిని ఆపేది ఆ బార్ ఒక్కటే. తుంటి చిన్నదైతే పిల్లాడు బార్ కిందనుంచి జారిపోతాడు. భుజాల మీంచి దిగే రకంలో భుజం అందకపోతే మెడ దగ్గర సందు ఉండిపోతుంది. ఇదంతా గేటు దగ్గర ఒక్కొక్కళ్ళకీ కొలవలేం కాబట్టి ఎత్తుతో సరిపెడతారు. ఆ అంకె ఎంతో రైడ్ తయారుచేసిన కంపెనీయే రాసిస్తుంది. దాన్ని తగ్గించే అధికారం ఆపరేటర్‌కే కాదు, మేనేజర్‌కి కూడా ఉండదు. ఒక్కసారి 137కి "పోనీలే" అన్నామనుకోండి, వెనకే 135 వాడి నాన్న నిలబడి ఉంటాడు. "వాణ్ణి ఎక్కించి మావాణ్ణి ఆపుతావా" అని చొక్కా పట్టుకుంటాడు. పట్టుకున్నారు కూడా.

రాయగడ మాస్టారు:
లివర్ గారి వివరణ బాగుంది కానీ, ఎత్తు సరిపోతే క్షేమమే అన్న భ్రమ కూడా ప్రమాదం. 2016లో అమెరికాలోని కాన్సస్‌లో ఒక వాటర్ స్లైడ్ మీద పదేళ్ళ బాబు చనిపోయాడు. 51 మీటర్ల ఎత్తున్న స్లైడ్ అది, అప్పట్లో ప్రపంచంలోనే ఎత్తైనది. ఆ బాబు ఎత్తు రూలుకి సరిపోయాడు. అయినా వాళ్ళు కూర్చున్న తెప్ప గాల్లోకి లేచిపోయింది. 2022 మార్చిలో అమెరికాలోనే ఓర్లాండోలో, పైకి తీసుకెళ్ళి ఒక్కసారిగా కిందకి వదిలే డ్రాప్ టవర్ మీంచి 14 ఏళ్ళ అబ్బాయి పడిపోయాడు. ఆరడుగుల పైన ఎత్తు. అక్కడ లెక్క బరువుది. ఆ రైడ్ మాన్యువల్లో పరిమితి 130 కిలోలు, అబ్బాయి బరువు అంతకంటే చాలా ఎక్కువ. పైగా ఆ సీటు సెన్సర్ని సర్దుబాటు చేసి, బార్ మామూలు కంటే ఎక్కువ తెరుచుకుని ఉన్నా రైడ్ కదిలేలా పెట్టారని విచారణలో తేలింది. అంటే పార్కు వాళ్ళే రూలు వంచారు. కాబట్టి జనాన్ని మాత్రమే తిడితే నేను ఒప్పుకోను. బాబాయ్ అడిగింది సరైన ప్రశ్న. పొద్దున్న బూట్లతో కొలిచినవాడు మధ్యాహ్నం కొలిచినవాడి మాటకి విలువ లేకుండా చేశాడు.

జయపురం వదిన:
అసలు కిటుకు టికెట్ కౌంటర్ దగ్గర ఉంది. మన దేశంలో చాలా పార్కుల్లో పిల్లల టికెట్ వయసుని బట్టి కాదు, ఎత్తుని బట్టి. మా పెద్దమ్మాయి తొమ్మిదేళ్ళకే తాటిచెట్టులా ఎదిగింది, పెద్దల టికెట్ కొన్నాం. సరే. మరి 137 ఉన్న పిల్లాడికి పిల్లల టికెట్ ఇచ్చేటప్పుడే "బాబుకి ఈ నాలుగు రైడ్లు ఉండవండి" అని చెప్పొచ్చుగా? అప్పుడే కొలుస్తున్నారు కదా! చైనాలో రైళ్ళకి కూడా ఎత్తుని బట్టే పిల్లల టికెట్ ఉండేది, 2023 నుంచి వయసుకి మార్చారు. అమెరికాలో డిస్నీ పార్కుల వాళ్ళది వయసే. మూడేళ్ళలోపు ఉచితం, తొమ్మిదేళ్ళ దాకా పిల్లల టికెట్. రైడ్ దగ్గర మాత్రం ఎత్తు చూస్తారు. డబ్బుకి ఒక లెక్క, క్షేమానికి ఇంకో లెక్క. రెండూ కలిపేస్తేనే "డబ్బు తీసుకుని మోసం చేశారు" అనిపిస్తుంది.

డిస్నీ వాళ్ళ దగ్గర ఇంకో మంచి పద్ధతుంది. చిన్నపిల్లని పట్టుకుని ఒకరు బయట ఆగితే, రెండోవాళ్ళు ఎక్కి దిగాక ఆగినవాళ్ళు మళ్ళీ మొత్తం లైన్లో నిలబడక్కర్లేదు. మనకి అది వస్తే మా ఆయనతో సగం గొడవలు తగ్గుతాయి.

పర్లాకిమిడి పిల్ల:
వదినా, మన జనానికి ఆ పద్ధతి ఇస్తే ఒక్క చంటిపిల్లతో పాతికమంది లోపలికి వెళ్ళిపోతారు 😄

గుణుపురం గుంటడు:
నిజమే, అందులో నేనూ ఉంటాను. కానీ లివరన్నా, ఒక డౌటు. మనిషి పొద్దున్న కాస్త పొడుగ్గా, సాయంత్రానికి కాస్త పొట్టిగా ఉంటాడంటారు. మరి మధ్యాహ్నం కొలిచి ఆపడం అన్యాయం కాదా?

లివర్ తిప్పినోడు:
వెన్నుపూసల మధ్య మెత్తటి డిస్కులు రోజంతా నొక్కుకుని దాదాపు ఒక సెంటీమీటరు తగ్గే మాట నిజమే. బూట్లే రెండు మూడు ఇస్తాయి కాబట్టి బాబాయ్ గారి లెక్క అక్కడే తేలిపోయింది. ఇలాంటి గొడవలు ఆగాలంటే మెయిన్ గేటు దగ్గరే, బూట్లు విప్పించి, ఒక్కసారి కొలిచి చేతికి రంగు బ్యాండ్ కట్టెయ్యాలి. బయట కొన్ని పార్కుల్లో అలాగే చేస్తారు. ఎత్తు సరిపోయి ఎరుపు కట్టినవాడు ఏ రైడ్‌కి వెళ్ళినా మళ్ళీ కర్ర దగ్గర నిలబడక్కర్లేదు, ఎత్తు చాలక పచ్చది కట్టినవాడు ముప్పావుగంట ఎండలో ఆశపడక్కర్లేదు. నేను పనిచేసిన చోట అడిగాను. "బ్యాండు ఖర్చెవడు పెడతాడు" అన్నారు.

బరంపురం బాబాయ్:
బ్యాండుకి ఎంత అవుతుందో గానీ, ఆ రోజు మావాడి ఏడుపు ఆపడానికి అక్కడే ఐస్‌క్రీముకీ, బొమ్మ తుపాకీకీ పెట్టింది అంతకంటే ఎక్కువే. వాళ్ళు ఖర్చు మనమీదకి నెట్టేశారంతే. లివర్ గారూ, పార్కుకి ఉత్తరం రాద్దామనుకుంటున్నాను. ఆ కంపెనీ రాసిచ్చే అంకె ఎక్కడ రాసుంటుందో, దాన్ని అడిగితే చూపిస్తారో లేదో చెప్పండి.

లివర్ తిప్పినోడు:
రైడ్ మాన్యువల్లో ఉంటుంది. అంకెని గేటు బోర్డు మీద కూడా రాస్తారు. మాన్యువల్ మీకు చూపించరు, అది మెయింటెనెన్స్ గదిలో ఉంటుంది. ఉత్తరంలో కోస్టర్ సంగతి ఎత్తకండి, అక్కడ వాళ్ళు చేసింది రైటే. పొద్దున్న బూట్లతో ఎక్కించిన రైడ్ పేరూ, టైమూ రాయండి. కదలాల్సింది ఆ కాగితానికే.