అమెరికా కాంగ్రెస్‌లోని రెండు సభలు హౌస్, సెనేట్ చేతులు మారితే మన ఇళ్లలో ఏం మారింది? మీ అనుభవాలు చెప్పండి

ప్లేనో_నెల్లూరు
మా ఇద్దరికీ పోయినేడాది సిటిజన్‌షిప్ వచ్చింది. 2026 నవంబరు 3న జరిగే మిడ్‌టర్మ్ (అధ్యక్షుడి పదవీకాలం మధ్యలో వచ్చే కాంగ్రెస్ ఎన్నిక) మాకు మొదటి ఓటు. సంక్రాంతికి నాలుగు కుటుంబాలం కలిస్తే భోజనాల దగ్గరే మాటా మాటా పెరిగింది. హౌస్ డెమోక్రాట్ల చేతికొస్తే తప్ప గ్రీన్‌కార్డు లైన్ కదలదని మా తమ్ముడు. వాళ్ల చేతిలో ఉన్నప్పుడు ఏం ఒరగబెట్టారో చెప్పమని మావారి పిన్నికొడుకు. చివరికి ఇద్దరూ స్వీటు కూడా తినకుండా లేచారు. ఇక్కడ 2006, 2010, 2018, 2022 అన్నీ చూసినవాళ్లు ఉన్నారు కదా. సభ ఒక పార్టీ నుంచి ఇంకో పార్టీకి పోయినప్పుడు మీ ఉద్యోగంలో, కాగితాల్లో, ఇంట్లో నిజంగా ఏం మారిందో చెప్పండి. వాట్సాప్ ఫార్వర్డులు వద్దు, దయచేసి.

ఫ్రీమాంట్_2015
మాది 2015 ప్రయారిటీ డేట్, అంటే గ్రీన్‌కార్డు లైన్లో చేరిన తేదీ. ఇంకా లైన్లోనే ఉన్నాం. ఏడాదికి ఉద్యోగాల కోటాలో ఇచ్చే గ్రీన్‌కార్డులు దాదాపు 1,40,000. ఏ దేశానికైనా అందులో 7 శాతమే. ఈ లెక్క 1990 చట్టంతో వచ్చింది, మార్చాలంటే రెండు సభలూ కలవాల్సిందే.

ఆ దేశాలవారీ పరిమితి ఎత్తేసే బిల్లుకి హౌస్ రెండుసార్లు ఒప్పుకుంది. 2011 నవంబరులో 389-15. అప్పుడు హౌస్ రిపబ్లికన్లది, సెనేట్ డెమోక్రాట్లది. 2019 జులైలో 365-65. అప్పుడు హౌస్ డెమోక్రాట్లది, సెనేట్ రిపబ్లికన్లది. రెండుసార్లూ సెనేట్‌లోనే ఇరుక్కుంది. మొదటిసారి అడ్డుపడింది సెనేటర్ గ్రాస్లీ, రిపబ్లికన్. రెండోసారి ముందు ర్యాండ్ పాల్, రిపబ్లికన్. ఆయన తప్పుకున్నాక డర్బిన్, డెమోక్రాట్. 2020 డిసెంబరు 2న సెనేట్ కూడా ఏకగ్రీవంగా ఒప్పుకుంది. ఆ రోజు సభల ప్రసారాలు చూపే సీ-స్పాన్ టీవీ పెట్టుకుని చూశాను. హాలు దాదాపు ఖాళీ. బిల్లు పెట్టిన సెనేటర్ మైక్ లీ లేచి నాలుగు మాటలు మాట్లాడారు, ఎవరూ అభ్యంతరం చెప్పలేదు, అయిపోయింది. మా ఆవిడ ఏడ్చేసింది. కానీ సెనేట్ బిల్లులో కొత్త షరతులు చేరాయి, హౌస్ బిల్లుతో పొసగలేదు. 2021 జనవరి 3న ఆ కాంగ్రెస్ గడువు తీరింది, బిల్లు పోయింది. ఏ పార్టీని తిట్టమంటారు చెప్పండి.

డాలస్_కృష్ణాతీరం
నేను రిపబ్లికన్ ఓటరుని, దాచేదేం లేదు. 2009, 2010లో వైట్‌హౌస్, హౌస్, సెనేట్ మూడూ డెమోక్రాట్లవే. కొన్ని నెలలు సెనేట్‌లో బిల్లు ముందుకు కదలడానికి కావాల్సిన 60 మంది కూడా ఉన్నారు. పద్ధతి ప్రకారం వచ్చి పన్ను కడుతున్నవాళ్ల లైన్ మీద ఒక్క బిల్లన్నా ఓటింగుకు తెచ్చారా? ఎన్నికలు ఓడాక, 2010 డిసెంబరులో డ్రీమ్ యాక్ట్ (చిన్నప్పుడు కాగితాల్లేకుండా వచ్చినవాళ్లకు దారి చూపే బిల్లు) తెచ్చారు. అదీ సెనేట్‌లో 55-41 దగ్గర ఆగిపోయింది. ఆ నవంబరులోనే రిపబ్లికన్లకు 63 సీట్లు పెరిగి హౌస్ వచ్చింది. పగ్గాలు పట్టిన ఏడాదిలోపే పైన సోదరుడు చెప్పిన 389-15 ఓటు జరిగింది. జరిగిన సంగతి ఇది, నా అభిమానం కాదు. ఖర్చుకు కళ్లెం వేసే సభ ఒకటి ఉండాలని చిన్న వ్యాపారం నడుపుకునే నాబోటివాడు కోరుకోవడంలో తప్పేముంది?

ఎడిసన్_వాసి
కృష్ణాతీరం గారూ, 2013 వదిలేశారేం? ఆ జూన్ 27న సెనేట్ 68-32తో ఇమ్మిగ్రేషన్ బిల్లు పాస్ చేసింది. ఉద్యోగాల కోటాలో దేశాలవారీ పరిమితి ఎత్తేయడం అందులో ఉంది. 14 మంది రిపబ్లికన్ సెనేటర్లు కూడా దానికి ఓటేశారు. అదే బిల్లుని హౌస్‌లో స్పీకర్ బేనర్ ఓటింగుకు పెట్టనే లేదు. ఓడించలేదు, పెట్టలేదు! మరుసటేడు జూన్‌లో ఆయన తర్వాతి స్థానంలో ఉన్న ఎరిక్ కాంటర్ సొంత పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ప్రైమరీ ఎన్నికలో ఓడిపోయాక ఇక ఆ ఊసెత్తే ధైర్యం ఎవరికీ లేకపోయింది. సభ ఎవరిదైతే స్పీకర్ వాళ్లవారు. ఏ బిల్లు వెలుగు చూడాలో ఏది బీరువాలో ఉండాలో చెప్పేది స్పీకర్. నేను అప్పుడు ఉద్యోగం మారే అవకాశం వదులుకుని ఆ ఓటు కోసం ఎదురుచూశాను. ఆ కోపం నాకు ఇంకా పోలేదు.

ఓవర్‌ల్యాండ్‌పార్క్_బిడ్డ
కాన్సస్ 3వ జిల్లా (జిల్లా అంటే ఇక్కడ హౌస్‌కి ఒక ప్రతినిధిని ఎన్నుకునే నియోజకవర్గం) కథ చెప్తా. నాకు తెలిసి ఈ ప్రశ్నకు ఇంతకన్నా దగ్గరి జవాబు లేదు.

2017 ఫిబ్రవరిలో పక్కనే ఓలేతలో మన హైదరాబాద్ ఇంజనీరుని బార్‌లో కాల్చి చంపారు. అప్పుడు మా ప్రతినిధి కెవిన్ యోడర్, రిపబ్లికన్. ఆ ఏడాది దేశాలవారీ పరిమితి ఎత్తేసే బిల్లుని ఆయన భుజానికెత్తుకున్నారు. 300 మందికి పైగా సభ్యులు దాని మీద సంతకం చేశారు, రెండు పార్టీలవాళ్లూ. చనిపోయినాయన భార్యని 2018లో అధ్యక్షుడి స్టేట్ ఆఫ్ ది యూనియన్ ప్రసంగానికి అతిథిగా తీసుకెళ్లారు. మా వాళ్లంతా ఆయన్ని ఇంటి మనిషి అనుకున్నారు. అయినా, ఆయన పార్టీ చేతిలోనే ఉన్న హౌస్‌లో ఆ బిల్లు ఓటింగుకు రాలేదు. 300 సంతకాలుండీ!

అదే యోడర్ 2017 మే నెలలో ఆరోగ్య బీమా చట్టం ఒబామాకేర్ రద్దుకు ఓటేశారు. మా అన్నయ్యకి ఓటుంది, నాకు లేదు. అన్నయ్యది సొంత ప్రాక్టీస్, ఇన్సూరెన్స్ తనే కొనుక్కోవాలి. 2018 నవంబరులో యోడర్‌కి వ్యతిరేకంగా వేసొచ్చాడు. ఆ రాత్రి ఆయన ఓడిపోయారు, షరీస్ డేవిడ్స్ గెలిచారు, హౌస్ మొత్తం డెమోక్రాట్లకు పోయింది. ‘మన బిల్లు మోసినాయన్ని నువ్వే ఓడించావ్’ అని మా బావ అన్నయ్యతో చాన్నాళ్లు మాట్లాడలేదు.

తర్వాత జరిగింది చూడండి. కొత్త హౌస్‌లో కాలిఫోర్నియా నుంచి జో లాఫ్‌గ్రెన్ అదే బిల్లు పెట్టారు, ఏడు నెలల్లో ఓటింగు జరిగిపోయింది. అదే ఫ్రీమాంట్ అన్న చెప్పిన 365-65. మా కోసం నిలబడిన మనిషి పోయాడు, బిల్లుకి ఓటింగు వచ్చింది. అభ్యర్థిని చూసి వేయాలా, సభ ఎవరి చేతికి వెళ్తుందో చూసి వేయాలా అని మా ఇంట్లో ఇప్పటికీ తెగలేదు. నాకైతే సభే ముఖ్యం అనిపిస్తుంది. అన్నయ్య వేసింది సరైన ఓటే.

చార్లెట్_అమ్మ
గ్రీన్‌కార్డు మాటలే అవుతున్నాయి, నా మాట కూడా వినండి. మా చిన్నవాడికి టైప్ 1 షుగర్. మావారు ఉద్యోగం మానేసి సొంతంగా పెట్టుకున్నప్పటి నుంచి ఒబామాకేర్ కింద సొంతంగా కొనుక్కునే మార్కెట్‌ప్లేస్ ఇన్సూరెన్సే. పాత జబ్బుందని పాలసీ ఇవ్వకపోవడం కుదరదని ఒబామాకేర్‌లో ఉంది, మా ఇల్లు దాని మీదే నడుస్తోంది. 2017లో హౌస్ 217-213తో రద్దు బిల్లు పాస్ చేసిన రోజు ఇన్సులిన్ పెన్నులు ఫ్రిజ్‌లో సర్దుతూ ఎన్ని నెలలకు వస్తాయా అని లెక్కపెట్టుకున్నాను. జులై 28 తెల్లవారుజామున సెనేట్‌లో జాన్ మెకెయిన్ బొటనవేలు కిందికి దించేదాకా నిద్రపోలేదు. 49-51. ఆయన రిపబ్లికనే. 2018లో హౌస్ మారాక ఆ రద్దు బిల్లు మళ్లీ లేవలేదు. నాకు ‘సభ మారడం’ అంటే అదండీ. కొత్తగా ఏదో ఇచ్చారని కాదు, ఉన్నది తీసుకోకుండా ఆగింది.

హెర్న్‌డన్_కాంట్రాక్టర్
షట్‌డౌన్ల గురించి, అంటే నిధుల బిల్లు పాస్ కాక ప్రభుత్వ పనులు ఆగిపోవడం గురించి. సభలు చెరో పార్టీ దగ్గరుంటేనే షట్‌డౌన్ వస్తుందని చాలామంది అనుకుంటారు. 2013 అక్టోబరుది అలాంటిదే, 16 రోజులు. కానీ 2018 డిసెంబరు 22న మొదలైనప్పుడు రెండు సభలూ రిపబ్లికన్లవే. మధ్యలో జనవరి 3న హౌస్ చేతులు మారింది, 25 దాకా సాగింది. 35 రోజులు. 2025ది 43 రోజులు, అప్పుడూ రెండు సభలూ ఒకే పార్టీవి. సెనేట్‌లో బిల్లు ముందుకు కదలాలంటే 60 ఓట్లు కావాలి, 53 ఉంటే చాలదు.

నేను ఫెడరల్ ఏజెన్సీకి కాంట్రాక్టు పని చేస్తాను. 2019లో పక్క సీటాయన ప్రభుత్వ ఉద్యోగి, ఆగిన జీతం మొత్తం తర్వాత వచ్చింది. నాకు ఒక్క డాలరూ రాలేదు. మేమిద్దరం చేసేది ఒకే పని.

హెచ్-1బీ మీద ఉన్నవాళ్లు ఇది గుర్తుపెట్టుకోండి. ఇమ్మిగ్రేషన్ కాగితాలు చూసే యూఎస్‌సీఐఎస్ మన ఫీజులతో నడుస్తుంది కాబట్టి షట్‌డౌన్‌లోనూ తెరిచే ఉంటుంది. కానీ హెచ్-1బీ దరఖాస్తుకు ముందు కావాల్సిన ఎల్‌సీఏ అనే ధ్రువపత్రం ఇచ్చేది కార్మికశాఖ. దానికి నిధులు ఆగితే ఎల్‌సీఏ ఆగుతుంది, అది లేకుండా ట్రాన్స్‌ఫర్ ఫైల్ చేయలేరు. 2013లో ఆగింది. 2018-19లో ఆ శాఖకు ముందే డబ్బు కేటాయించారు కాబట్టి ఆగలేదు. 2025 అక్టోబరులో మళ్లీ ఆగింది, నెలాఖరుకి తెరిచారు. మా బావమరిదికి సరిగ్గా అప్పుడే లేఆఫ్. కొత్త కంపెనీ ఆఫర్ చేతిలో ఉంది, ఉన్న గడువు 60 రోజులు, ఎల్‌సీఏ సైటేమో పనిచేయదు. ఆ టెన్షన్ పగవాడికి కూడా వద్దు.

విజయవాడ_రిటైర్డ్
పిల్లలు అక్కడున్నారని ఇవన్నీ చదువుతుంటాను. 2001లో సెనేట్ 50-50. ఉపాధ్యక్షుడు చెనీ ఓటుతో రిపబ్లికన్ల చేతిలో ఉంది. మే 24న వెర్మాంట్ సెనేటర్ జిమ్ జెఫర్డ్స్ రిపబ్లికన్ పార్టీ వదిలి డెమోక్రాట్లతో కూర్చుంటానన్నారు. ఎన్నిక లేదు, ఒక్క మనిషి నిర్ణయంతో జూన్ నెలలో సెనేట్ మారింది, కమిటీ ఛైర్మన్లందరూ మారారు. మన దగ్గరైతే 1985 నుంచి ఫిరాయింపుల చట్టం ఉంది, అమలు ఎంత ఘోరంగా ఉన్నా. అక్కడ అదీ లేదు, పార్టీ విప్ మాట కాదన్నా సీటు పోదు. అందుకే 2023 అక్టోబరులో ఎనిమిది మంది సొంత పార్టీవాళ్లే ప్రతిపక్షంతో కలిసి స్పీకర్ మెకార్థీని 216-210తో దించేశారు.

నాకు నచ్చిన మనిషి మాత్రం మీ టెక్సాస్‌ వాడే, ఫిల్ గ్రామ్. 1983లో పార్టీ మారాలనుకున్నప్పుడు ముందు రాజీనామా చేసి, రిపబ్లికన్‌గా ఉపఎన్నికలో నిలబడి గెలిచి వచ్చాడు. 1984 ఆగస్టులో ఎన్టీఆర్‌ని దించినప్పుడు మా వీధుల్లో జనం ఎంత రగిలిపోయారో చూసినవాణ్ణి. కండువా మార్చేవాడు ముందు ఓటరు దగ్గరికి వెళ్లాలి, ఏ దేశమైనా సరే.

డాలస్_కృష్ణాతీరం
బాబాయి గారి మాటకు నూటికి నూరు మార్కులు. ఎడిసన్ గారికి మాత్రం ఒక్కటే. 2021, 2022లో మళ్లీ మూడూ మీవాళ్లవే. మన లైన్‌కి ఏమైంది?

ఎడిసన్_వాసి
2022 డిసెంబరులో హౌస్‌లో బిల్లు ఓటింగు దాకా వచ్చి, ఓట్లు చాలవని వెనక్కి తీసుకున్నారు. అది మావాళ్ల చేతగానితనమే, ఒప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు. ఆ నవంబరులో హౌస్ 222-213తో మీ చేతికొచ్చింది, జనవరిలో స్పీకర్ని ఎన్నుకోవడానికే 15 సార్లు ఓటింగు పెట్టుకున్నారు. ఆ రెండేళ్లలో మన బిల్లుని ఒక్కసారన్నా ఓటింగుకు తెచ్చారా? మీరే చెప్పండి.

నిర్వాహకుడు
‘మీవాళ్లు, మావాళ్లు’ ఇక్కడితో ఆపుదాం. రెండు వ్యాఖ్యల్లో ఓటర్లను తిట్టారు, తీసేశాను. అనుభవాలు రాయండి.

కొలంబస్_పాలమూరు
ఒక చిన్న సంగతి, ఎవరూ చెప్పలేదు కాబట్టి. మీ వర్క్ పర్మిట్టో, పాస్‌పోర్టో ఎక్కడో ఇరుక్కుంటే మీ ప్రతినిధి ఆఫీసుకి రాయండి. ఓటు లేకపోయినా పట్టించుకుంటారు. ప్రైవసీ రిలీజ్ ఫారం మీద సంతకం పెట్టి రసీదు నంబరు ఇస్తే మీ తరఫున ఆ శాఖని అడుగుతారు. ఏ పార్టీ అయినా ఈ పని చేస్తారు. అయితే ఆ సభ్యుడు ఓడిపోతే జనవరి 3న ఆఫీసు మూతపడుతుంది. మీ కేసు దానంతటది కొత్తవారి దగ్గరికి వెళ్తుందని అనుకోవద్దు. మా ఆవిడ కేసు అలాగే మధ్యలో నిలిచిపోయింది. కొత్త ఆఫీసులో మళ్లీ ఫారం నింపాక ఎవరో ఫోన్ చేశారు. కాబట్టి ఎన్నికల ఏడాదిలో అన్ని కాపీలూ మీ దగ్గర ఉంచుకోండి.

ప్లేనో_నెల్లూరు
అందరికీ ధన్యవాదాలండీ. చార్లెట్ అక్కా, మీది చదివి మా తమ్ముడికి పంపించాను. ఓవర్‌ల్యాండ్‌పార్క్ గారిది ఇద్దరికీ పంపాను. ఇంకొక్క ప్రశ్న. ఇక్కడ జిల్లా గీతలు మార్చారంటున్నారు. నేను ఏ జిల్లాలో ఉన్నానో, ఎప్పటిలోగా నమోదు చేసుకోవాలో ఎలా తెలుస్తుంది?

డాలస్_కృష్ణాతీరం
చెల్లెమ్మా, టెక్సాస్‌లో 2025లో మళ్లీ గీశారు, కాబట్టి పాత మ్యాపు చూడొద్దు. కౌంటీ ఎన్నికల సైట్‌లో నీ చిరునామా కొట్టు, ఇప్పటి జిల్లా వస్తుంది. ఇక్కడ కొత్త ఓటరు ఆన్‌లైన్‌లో నమోదు చేసుకునే వీలు లేదు. ఫారం నింపి, సంతకం చేసి, పోస్టులో పంపాలి లేదా కౌంటీ ఆఫీసులో ఇవ్వాలి. ఎన్నికకు 30 రోజుల ముందే గడువు అయిపోతుంది, మర్చిపోకు. నువ్వు ఏ పార్టీకి వేసినా సరే, ఫారం మాత్రం ఈ నెలలోనే పంపెయ్.