గర్భిణుల డిప్రెషన్ స్క్రీనింగ్: స్కోరు, మాత్రలు, పక్కనే అత్తగారు

ఏఎన్ఎం_పాలమూరు: గర్భిణులకు డిప్రెషన్ ఉందేమో చూసే ఎడిన్‌బరో ప్రశ్నలు అడుగుతున్నాం. మూడు సందేహాలు. ఎంత స్కోరు వస్తే డాక్టరు దగ్గరికి పంపాలి? ముందునుంచీ డిప్రెషన్ మాత్రలు వాడేవాళ్లు మానెయ్యాలా? అత్తగారు పక్కన కూర్చుని తనే జవాబులిస్తుంటే ఏం చెయ్యాలి?

గోళీల_శాస్త్రి: రెండోదానికి చెప్తా. టెస్టులో రెండు గీతలు కనపడగానే మాత్రలన్నీ పారేస్తారు, కొంప మునిగేది అక్కడే. ఒక్కసారిగా ఆపితే తలతిరుగుడు, చిరాకు, నిద్రలేమి, ఆపైన జబ్బు తిరగబెట్టడం. సెర్ట్రలిన్ అనే డిప్రెషన్ మాత్ర మీద కుదురుగా ఉన్నవాళ్లని మామూలుగా దాని మీదే ఉంచుతారు. ఫిట్స్‌కీ, మూడ్ జబ్బులకీ ఇచ్చే వాల్‌ప్రోయేట్ సంగతి వేరు. పిల్లల్లో దాదాపు 10 శాతానికి అవకరాలు వస్తాయి, గర్భం రాకముందే మార్పించుకోవాలి. ఫిట్స్‌కి వాడేవాళ్లు మాత్రం అదీ సొంతంగా ఆపకూడదు.

కడపబిడ్డ: కడుపుతో ఉన్నప్పుడు దిగులు ఎప్పుడూ ఉన్నదే. పుట్టింటికి పంపితే సర్దుకుంటుంది.

గోళీల_శాస్త్రి: పంపండి. మాత్రల డబ్బా కూడా సంచీలో పెట్టి పంపండి.

స్కోరు_మాస్టారు: ఈ ప్రశ్నావళి మీద శిక్షణ ఇచ్చేది మేమే కాబట్టి వినండి. ముందు కూడిక నేర్చుకోండి. 10 ప్రశ్నలు, గడిచిన 7 రోజుల గురించే. 1, 2, 4 ప్రశ్నల్లో జవాబులకి పైనుంచి కిందికి 0, 1, 2, 3. మిగతా ఏడూ తిరగేసి 3, 2, 1, 0. అన్నీ ఒకే వరసలో కూడితే బాగా దిగులున్న మనిషికి తక్కువ స్కోరొస్తుంది. మొత్తం 13 దాటితే పంపండి.

సిద్దిపేట_సిస్టర్: దాటితేనా? 13 వచ్చినా పంపాలి. అసలు 10 నుంచే చూడాలి.

స్కోరు_మాస్టారు: 10 పెడితే ఊరంతా క్యూ కడుతుంది. చూసే డాక్టరెవరు?

సిద్దిపేట_సిస్టర్: డాక్టర్లు లేరని జబ్బు లేదనేస్తారా? 10–12 వస్తే రెండు వారాలకి మళ్లీ అడగాలి. మీ శిక్షణలో 10వ ప్రశ్న చెప్పరా? తనకు తాను హాని చేసుకోవాలన్న ఆలోచనకి సున్నా తప్ప ఏ అంకె వచ్చినా, మొత్తం 4 ఉన్నా సరే, ఆ రోజే చూపించాలి. ఒంటరిగా వదలకూడదు.

స్కోరు_మాస్టారు: అది అందరికీ తెలిసిందేగా!

సిద్దిపేట_సిస్టర్: తెలిస్తే ఎందుకు రాయలేదో.

పీజీ_వైజాగ్: పీహెచ్‌క్యూ-9 అనే ఇంకో డిప్రెషన్ ప్రశ్నావళి వాడేవాళ్లకో మాట. అందులో నిద్ర, ఆకలి, నీరసం విడివిడిగా లెక్కకొస్తాయి. ఎనిమిదో నెలలో అవి ఎవరికి ఉండవు? ఎడిన్‌బరోలో నిద్ర ప్రశ్న కూడా ‘మనసు బాగోక నిద్ర పట్టట్లేదా’ అనే ఉంటుంది. ఆందోళన చూడాలంటే 3, 4, 5 ప్రశ్నలు విడిగా కూడండి.

కడపబిడ్డ: ముందు థైరాయిడ్ చూపించండి, అన్నీ అవే తేలతాయి.

పీజీ_వైజాగ్: టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), హిమోగ్లోబిన్ చూడాల్సిందే. రిపోర్టు వచ్చేదాకా మిగతాది ఆపకూడదు.

గోళీల_శాస్త్రి: థైరాయిడ్ మాత్రకీ ఐరన్‌కీ 4 గంటల ఎడం ఉండాలి. రెండూ పొద్దున్నే కలిపి మింగేసి టీఎస్‌హెచ్ దిగట్లేదంటారు. కాల్షియం కూడా అంతే.

ఏఎన్ఎం_పాలమూరు: ఐరన్ దాకా వెళ్లారు, అత్తగారి సంగతి అలాగే ఉంది.

సిద్దిపేట_సిస్టర్: ఎదురు చెప్పకండి. బరువు, బీపీ చూడాలని అమ్మాయిని లోపలికి పిలవండి. బీపీ పట్టీ కట్టి పక్కన కూర్చుని, 10వ ప్రశ్న నుంచి అడగండి. మధ్యలో ఎవరైనా వచ్చినా ముఖ్యమైనది అయిపోతుంది. చదవగలిగితే కాగితం తన చేతికే ఇవ్వండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ నంబరు 14416 ఎంసీపీ కార్డు (తల్లీబిడ్డల కార్డు) వెనక రాయండి. ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు.

స్కోరు_మాస్టారు: 10 నుంచి మొదలుపెడితే వరస మారుతుంది, స్కోరు చెల్లుతుందా?

సిద్దిపేట_సిస్టర్: మళ్లీ మొదలు!