"ఏనాటికీడు": విరుపు టి దగ్గరా, కి దగ్గరా?

అరసున్న:
బైబిల్లో మత్తయి సువార్త 6వ అధ్యాయం చివరి మాట సగమే గుర్తుండి వేధిస్తోంది. "రేపటి దినము దాని సంగతులను..." అని ఏదో వచ్చి, చివర "ఏనాటికీడు ఆనాటికి చాలును" అని ముగుస్తుంది. పాత అనువాదంలో ఖాళీ లేకుండా కలిపి అచ్చువేశారు. ఏనాటి + కీడా, ఏనాటికి + ఈడా? రోజువారీ బతుకులో దేవుని మీద ఆనుకోవడం నేర్పేటప్పుడు మన్నా (ఎడారిలో ఇశ్రాయేలీయులకు దేవుడు ఆకాశం నుంచి కురిపించిన ఆహారం) కథ చెప్పి, పిల్లల చేత ఈ వాక్యమే కంఠస్థం చేయిస్తారు. తప్పుగా విరిస్తే ఆ తప్పే నాలుక మీద ఉండిపోతుంది.

ద్రుతం:
34వ వచనం. "రేపటినిగూర్చి చింతింపకుడి, రేపటి దినము దాని సంగతులనుగూర్చి చింతించును, ఏనాటికీడు ఆనాటికి చాలును." ఏనాటి కీడే. నాటి కథ, ఏటి కాలువ లాగే ఇక్కడా కకారం మారకుండా నిలిచింది. ఇందులో చర్చకేముంది?

నిడుదల:
చాలానే ఉంది ద్రుతం గారూ. ఏమ్యాదుల్లో (చివరి ఇకారానికి సంధి వికల్పంగా జరిగే ఏమి, మఱి వంటి మాటల్లో) షష్ఠి "కి" ఉండనే ఉంది. హరికి + ఇచ్చె = హరికిచ్చె అయినప్పుడు ఏనాటికి + ఈడు = ఏనాటికీడు ఎందుకు కాకూడదు? ఈడు అంటే సాటి, జోడు, తగినది. ఏ రోజుకు తగింది ఆ రోజుకు చాలు అన్నమాట. మన్నా కథకు ఇంతకన్నా అతికే అర్థం లేదు. మన్నా కథ ఉన్న నిర్గమకాండం 16:18 చూడండి. ఎక్కువ కూర్చుకున్నవాడికి మిగల్లేదు, తక్కువ కూర్చుకున్నవాడికి తగ్గలేదు. కొలిచి చూస్తే అందరిదీ ఈడే.

శకటరేఫం:
సంధి కుదిరినంత మాత్రాన అర్థం కుదరదు. గ్రీకు మూలంలో ఉన్న మాట "కకియా". దానికి కీడు అనే అర్థం తప్ప తగినదనే అర్థం ఎక్కడా లేదు. పైగా "ఈడు" ఒంటరిగా కర్తగా నిలిచి "సరిపడేంత" అనే అర్థం ఇవ్వదు, "ఈడైనది" అనాల్సి వస్తుంది. అసలు తేలాల్సింది ఈ కీడు ఎలాంటిదన్నది. కొత్త నిబంధనలో మిగతాచోట్ల కకియా ఎక్కువగా దుష్టత్వం. ఇక్కడ మాత్రం కష్టం, ఇబ్బంది. ఆమోసు 3:6 గ్రీకు అనువాదంలో పట్టణం మీదికి వచ్చే ఆపదకూ ఇదే మాట వాడారు.

ద్రుతం:
అందుకే తెలుగులో "కీడు" కన్నా మంచి మాట దొరకదు. రోమా 12:21లో "మేలు చేత కీడును జయించుము" అంటే చెడుతనం. యోబు 2:10లో మేలు అనుభవించి కీడు అనుభవించవద్దా అంటే ఆపద. రెండూ ఒక్క మాటలో ఇమిడాయి.

పొల్లు:
విరుపు సంగతికి నిర్గమ 16:4 చాలు. "ఏనాటి బత్తెము ఆనాడే కూర్చుకొనవలెను." ఏనాటి + నామవాచకం, ఆ వెనకే ఆనాడు. మత్తయిలోనూ అదే కట్టు. బత్తెము ఉన్నచోట కీడు కూర్చుంది. ఈ బత్తెమే మనం ఇప్పుడు జీతభత్యాల్లో అంటున్న భత్యం, రోజువారీ తిండిఖర్చు.

చదివి వినిపించేవాళ్లు "టి" తర్వాత లిప్తకాలం ఆగి, "కీ" మీద ఊనిక పెట్టాలి. ఆగకపోతే చెవికి "ఏనాటికీ" అని వినపడుతుంది, అంటే ఎన్నటికీ. అప్పుడిది కీడూ కాదు, ఈడూ కాదు, మూడో వాక్యం.

ఇంతకన్నా పెద్ద పొరపాటు కథ చెప్పడంలో జరుగుతుంది. చాలామంది 20వ వచనం దగ్గర, మిగిల్చింది పురుగుపట్టి కంపు కొట్టిందనే చోట ఆపేస్తారు. దాంతో రేపటికి దాచుకోవడమే తప్పని పిల్లలకు నాటుకుంటుంది. 27 దాకా చదవాలి. ఆరో రోజు తలకు రెండేసి ఓమెరులు (ఓమెరు ఒక కొలత) కూర్చుకున్నారు, కాల్చుకునేది కాల్చుకుని వండుకునేది వండుకుని మిగిలింది ఉంచుకున్నారు, అది చెడలేదు. దాచిందీ మన్నానే, దాచినవాళ్లూ వాళ్లే. మొదటిసారి వద్దన్నా దాచారు, రెండోసారి చెప్పినందుకు దాచారు. ఏడో రోజు విశ్రాంతి దినం, అయినా కొందరు బయటికి వెళ్లి వెతికారు, ఏమీ దొరకలేదు. తప్పులు రెండు రకాలు. రేపు ఇస్తాడో లేదోనని దాచడం ఒకటి, నిన్న ఇచ్చింది ఈరోజుకు చాలదని వెతకడం ఇంకొకటి. రెండోదాన్ని ఎవరూ చెప్పరు. అలవాటుగా బాధపడేవాళ్లలో ఎక్కువగా కనిపించేది మాత్రం అదే.

కొలత చూపిస్తే పిల్లలకు పట్టుబడుతుంది. ఓమెరు ఏఫాలో పదోవంతు (16:36). ఏఫాను సుమారు 22 లీటర్లుగా లెక్కిస్తే ఓమెరు రెండు లీటర్ల పైచిలుకు. అంత పట్టే గిన్నె ముందు పెట్టి తలకొకటి చొప్పున గింజలు కొలవండి, శుక్రవారానికి రెండు. ఎండెక్కితే మిగిలింది కరిగిపోయేది (16:21), కాబట్టి పొద్దున్నే లేచి ఏరుకోవడం వాళ్ల వంతు. నమ్మకం అంటే కూర్చోవడం కాదని వేరే చెప్పక్కర్లేదు.

అరసున్న:
పొల్లు గారూ, కరువులో ఏలీయా ప్రవక్తకు రొట్టె పెట్టిన సారెపతు విధవరాలి కథ కూడా దీనికి జోడించవచ్చా?

పొల్లు:
జోడించవచ్చు, కానీ రెండు కథలు కలిపేయకుండా చూసుకోండి. 1 రాజులు 17లో తొట్టిలో పట్టెడు పిండి, బుడ్డిలో కొంచెం నూనె. అవి నిండాయని ఎక్కడా లేదు, అయిపోలేదని మాత్రమే ఉంది. పాత్రలు నిండిపోయింది 2 రాజులు 4లో, అప్పులవాడు కొడుకుల్ని తీసుకుపోతాడని ఎలీషా ప్రవక్త దగ్గరికి వచ్చిన ఆమె కథలో. అక్కడ పాత్రలు అయిపోగానే నూనె నిలిచిపోయింది. మొదటిది రోజు గడవడం గురించి, రెండోది అప్పు తీరడం గురించి. మీరు చెప్పదలచింది రోజు గడవడమైతే సారెపతు దగ్గరే ఆగండి.

తలకట్టు:
అందరూ కీడు దగ్గరే ఉండిపోయారు. వాక్యంలో అసలు బరువు "చింతింపకుడి" మీద ఉంది. మన కవిత్వంలో చింత ఎప్పుడూ దిగులే కాదు. పోతన ప్రహ్లాదుడి నోట "అంబుజోదర దివ్య పాదారవింద చింతనామృత పాన విశేష మత్త చిత్తము" అనిపించాడు. చింతన అక్కడ అమృతం! మందారంలో మకరందం తాగే తుమ్మెద ఉమ్మెత్తలకు పోదన్నట్టు ఆ చిత్తం మరో దానికి పోదు. ఆ అర్థం చెవిలో ఉన్నవాడికి "రేపటినిగూర్చి చింతింపకుడి" అంటే రేపటిని తలచుకోనే వద్దన్నట్టు వినిపిస్తుంది.

శకటరేఫం:
అలా వినబట్టే లెక్కలు చూసుకోవడం అవిశ్వాసమనే వాదం పుడుతుంది. యోసేపు ఏడేళ్ల పంటలో అయిదో వంతు నిలవ చేయించాడు (ఆది 41). గోపురం కట్టేవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకోడా అని యేసే అడిగాడు (లూకా 14:28). గ్రీకులో ఇక్కడున్న క్రియ మెరిమ్నావో. లూకా 10:41లో మార్త విషయంలో దాన్నే "విచారము" అన్నారు. ఫిలిప్పీ 2:20లో తిమోతి గురించి అదే క్రియ మంచి అర్థంలో వచ్చింది, మీ క్షేమం గురించి నిజంగా చింతించేవాడని. క్రియ ఒక్కటే, ఎవరి గురించి అన్నదాన్ని బట్టి దాని రంగు మారుతుంది.

తలకట్టు:
1 పేతురు 5:7 వదిలేశారు. "ఆయన మిమ్మునుగూర్చి చింతించుచున్నాడు గనుక మీ చింత యావత్తు ఆయనమీద వేయుడి." గ్రీకులో ఆ రెండు చింతలూ వేర్వేరు మాటలు, తెలుగులో ఒక్కటే అయ్యాయి. నా లెక్కలో ఇక్కడ తెలుగే గెలిచింది. మన చింత ఆయన చింతగా చేతులు మారినట్టు వినిపిస్తుంది.

ఇక నమ్మకం గురించే అయితే గజేంద్రుణ్ణి తలవకుండా ఎలా? "కలడు కలండనెడివాడు కలడో లేడో" అని ముందు అనుమానం. "లావొక్కింతయు లేదు", "నీవే తప్ప నితఃపరంబెరుగ" ఆ తర్వాత. మార్కు 9:24లో కొడుకును బాగుచేయమని వచ్చిన తండ్రి "నమ్ముచున్నాను, నాకు అపనమ్మకముండకుండ సహాయము చేయుము" అని రెండిటినీ ఒక్క ఊపిరిలో అన్నాడు. పోతన ఆ రెంటి మధ్య పద్యాలకు పద్యాలు నడిపాడు.

నిడుదల:
పద్యాలు బాగున్నాయి గానీ, పొల్లు గారి బత్తెము నా పక్షానే సాక్ష్యం చెబుతోంది. నిర్గమంలో ఆ చోట ఉన్నది మేలైన వస్తువు, తిండి. అదే కట్టులో మత్తయి దగ్గరికి వచ్చేసరికి కీడు ఎందుకు కూర్చోవాలి? ఈడు అయితే బత్తెముకు జత కుదురుతుంది. అంతకు ముందు 11వ వచనంలో అడిగిందీ అనుదినాహారమే కదా.

ద్రుతం:
ఆహారం ఏ రోజుది ఆ రోజు వస్తుంది, కష్టమూ ఏ రోజుది ఆ రోజే మొయ్యాలి. బత్తెం రోజు లెక్కన ఇస్తూ రేపటి కష్టాన్ని ఈరోజే నెత్తికెత్తుకుంటే ఓమెరు చాలదు. 11లో అడిగింది, 34లో మోసేది ఒకే కొలత. అందుకే అక్కడ కీడే ఉండాలి నిడుదల గారూ.

నిడుదల:
అర్థం అందంగా ఉంది. సంధి మాత్రం రెండు వైపులా తెరిచే ఉంది.

పొల్లు:
కంఠస్థానికి "ఏనాటి, కీడు" అనే విరవండి అరసున్న గారూ, గ్రీకు అటే ఉంది. దానికి ముందు 16:4ను చదివించండి, పోలిక చెవికే తెలుస్తుంది.

అరసున్న:
అలాగే చేయిస్తాను. అయితే "రేపటి దినము దాని సంగతులనుగూర్చి చింతించును" అన్నప్పుడు "తన సంగతులు" అనకుండా "దాని" అని ఎందుకు పెట్టారు? దినాన్ని చింతించే ప్రాణిగా చేసినప్పుడు "తన" రావద్దా?

శకటరేఫం:
గ్రీకులో ఉన్నది ఆత్మార్థకమే, "తన" అని పెట్టాల్సిందే.

తలకట్టు:
దినం లాంటి అమహత్తుకు (పురుషవాచకం కాని మాటకు) "తన" పెడితే పాత తెలుగు చెవికి పొసగదు శకటరేఫం గారూ. పోతనలోనే చూపిస్తాను, ఆగండి.