వెనక నుంచి గుద్దితే సీటు వంగాలా, నిలవాలా?

వెనకసీటు: సిగ్నల్ దగ్గర ఆగి ఉన్నా. వెనక నుంచి వ్యాన్ గుద్దింది. కళ్లు తెరిచేసరికి ఎదురుగా కారు పైకప్పు. సీటు బ్యాక్ రిక్లైనర్ (సీటుని వాల్చే కీలు) దగ్గర ఊడి వెనక్కి పడిపోయింది. నా వెనకే మా పాప. కాలు విరిగింది. షోరూం వాళ్లని నిలదీస్తే "మీ మెడ కోసమే సీటు అలా వంగుతుంది సార్" అన్నారు. ఇదేం న్యాయం?

పాతగేరు: పాపకి ఇప్పుడెలా ఉంది? వాళ్ల మాట పూర్తిగా అబద్ధమేమీ కాదండీ. వెనక దెబ్బకి కారు ముందుకి దూకుతుంది, సీటు మన వీపుని తోస్తుంది, తల మాత్రం ఉన్నచోటే ఉండిపోతుంది. ఆ క్షణంలో మెడ మెలిక పడుతుంది. సీటు కాస్త వంగితే ఆ కుదుపు తగ్గుతుంది. ఇంతకీ హెడ్‌రెస్ట్ ఎంత ఎత్తులో పెట్టుకున్నారు?

హారన్‌ప్లీజ్: మొదలైంది హెడ్‌రెస్ట్ పురాణం.

వెనకసీటు: కట్టు విప్పారు, ఇంకా కుంటుతోంది. సీటే కూలిపోయాక హెడ్‌రెస్ట్ ఏ ఎత్తులో ఉంటే ఏంటండీ?

రెంచి: ఒక లెక్క చెప్తా. అమెరికాలో సీట్ల బలం మీద ఉన్న 207 నంబరు నిబంధన 1968 నుంచి అమల్లో ఉంది. సీటు బ్యాక్ 373 న్యూటన్ మీటర్లు తట్టుకుంటే పాస్. అంటే తుంటికి అర మీటరు పైన దాదాపు 76 కిలోల బరువుతో నెట్టినట్టు. గట్టి గుద్దుడులో ఒక మనిషి వీపు తోసే తోపు దీనికి ఎన్నో రెట్లు. ఆ నిబంధన మార్చాలా అని 2024లో అక్కడి ప్రభుత్వం అభిప్రాయాలు అడిగింది.

పాతగేరు: అది కనీస పరిమితి మాత్రమే. బయట అమ్మే సీట్లు అంతకంటే చాలా గట్టివి. నా ప్రశ్నకి మాత్రం జవాబు రాలేదు. హెడ్‌రెస్ట్ పై అంచు నడినెత్తికి సమంగా ఉండాలి, తలకి దగ్గరగా ఉండాలి. చాలామంది మెడ వెనక దిండులా వాడతారు.

వెనకసీటు: మీ మెడకి మా పాప కాలు అడ్డం పెట్టాలా? ఎయిర్‌బ్యాగ్ ఉంది, పిల్లల్ని వెనక కూర్చోబెట్టండి అన్నారు. కూర్చోబెట్టాం. ఇప్పుడు ముందు సీటు వాళ్ల మీద పడటం కూడా డిజైనే అంటున్నారు!

పాతగేరు: నేనన్నానా ఆ మాట? మా ఆవిడకి తగిలింది చిన్న దెబ్బ, బంపర్ మీద గీత కూడా సరిగ్గా లేదు. ఏడాదిన్నర మెడ తిప్పలేదు. రివర్స్ చేయాలంటే నడుము దగ్గర్నుంచి మొత్తం తిరిగేది. "కారుకే ఏం కాలేదు, మీకేమవుతుందమ్మా" అన్నాడు ఇన్సూరెన్స్ మనిషి. మీకు జరిగినట్టు ఎప్పుడో ఒకసారి జరుగుతుంది. మాకు జరిగింది రోజూ ఎవరికో ఒకరికి జరుగుతుంది.

వెనకసీటు: ఎప్పుడో ఒకసారి! ఆ మాట మా పాపతో చెప్పండి.

రెంచి: ఆగండయ్యా ఇద్దరూ. ఒకరు చిన్న గుద్దుడు గురించి, ఇంకొకరు పెద్ద గుద్దుడు గురించి మాట్లాడుతున్నారు. ఒకే సీటు రెండిటికీ పనికిరావాలి. 1998లో వోల్వో ఎస్80తో తెచ్చిన విప్స్ సీటు ఆ ప్రయత్నమే. ముందు మనిషితో పాటు వెనక్కి జరుగుతుంది, తర్వాత కొలతగా వాలుతుంది, అక్కడే నిలబడుతుంది. వాలడం వేరు, కూలడం వేరు. కూలితే ముందున్నవాడికీ లాభం లేదు, బెల్టులోంచి పైకి జారి తల వెనక సీటుకి కొట్టుకుంటుంది.

రేర్‌వ్యూ: అలాంటి సీటు చౌక కార్లకి ఎప్పుడొస్తుందో!

పాతగేరు: వాలి ఆగాలి, సరే. నేను కూలాలని ఎప్పుడూ అనలేదు. కానీ హెడ్‌రెస్ట్...

వెనకసీటు: ఇప్పుడే కొత్త కారు దగ్గరికెళ్లి చూశా. అట్టడుగునే ఉంది. రెండు మెట్లు పైకి లేపా. పాప సీటు మధ్యలోకి మార్చా. మీరు గెలిచారని కాదు.